అర్జీ బరువు ఎవరిది?



నేను సంత్రాగాఛి నుంచి మాట్లాడుతున్నాను. హౌరా వెళ్ళే బండి ఎప్పుడైనా ఎక్కి ఉంటే మీరీ స్టేషను చూసే ఉంటారు. సంత్రాగాఛి వచ్చిందంటే సీటు కింద సామాన్లు బయటికి లాగుతారు, పిల్లల్ని నిద్ర లేపుతారు. ఆ తరవాత హౌరా ముందు సిగ్నలు దగ్గర బండి ఎంతసేపు నిలబడుతుందో ఎవరూ చెప్పలేరు. అది వేరే సంగతి.

బెంగాలీలకి ఈ ఊరు రెండింటికి పేరు. ఒకటి ఇక్కడి కంద. రెండోది స్టేషను పక్కనున్న పెద్ద చెరువు. చలికాలం వస్తే ఎక్కడెక్కడి పక్షులో వచ్చి వాలతాయి. మన తెలుగువాళ్ళకి మాత్రం ఇది రైల్వే ఊరు. పూర్వం బెంగాల్ నాగపూర్ రైల్వే అనేవారు, ఇప్పుడు సౌత్ ఈస్టర్న్ రైల్వే. ఆ పట్టాలు పట్టుకునే మన ఉత్తరాంధ్రవాళ్ళు ఖరగ్‌పూర్ చేరారు. కొందరు ఇంకాస్త ముందుకొచ్చి హౌరా చుట్టుపక్కల, మా సంత్రాగాఛిలో స్థిరపడ్డారు. పిల్లలు బెంగాలీ బడుల్లో చదివారు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, ఆఫీసులో హిందీ.

ఇవాళ నేను మాట్లాడేది సాయం అడిగే కాగితం గురించి. అర్జీ గురించి. పింఛను కావాలంటే అర్జీ. రేషను కార్డు కావాలంటే అర్జీ. ఆసుపత్రి కార్డుకి, పిల్లల స్కాలర్‌షిప్పుకి, ఏదో ట్రస్టువాళ్ళిచ్చే మందుల డబ్బుకి, అన్నింటికీ అర్జీయే. మా వీధిలో తెలుగువాళ్ళ అర్జీలు చాలావరకు నా చేతిమీదుగా వెళ్తుంటాయి. బెంగాలీ, ఇంగ్లీషు రెండూ చదవగలను కాబట్టి ఆ పని నా మీద పడింది.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. మధ్యలో రేడియో పెట్టినవాళ్ళ కోసం మళ్ళీ కూడా చెబుతాను. అర్జీలో ఉండే పని ఎక్కడికీ మాయమైపోదు. ఎవరో ఒకరు చెయ్యాల్సిందే. అడిగేవాళ్ళ చేత చేయిస్తారా, ఇచ్చేవాళ్ళు చేసుకుంటారా? అడిగేవాళ్ళకి సులువు కావాలంటే ఇచ్చేవాళ్ళు కష్టపడాలి. ఇంతే నేను చెప్పదలుచుకున్నది. మిగతాదంతా దానికి ఉదాహరణలు.

పేరుతో మొదలుపెడదాం. ఏ ఫారంలోనైనా మొదటి గడి పేరే కదా.

మన వైపు నుంచి పెళ్ళయి ఇక్కడికొచ్చిన ఒక అమ్మాయి ఉందనుకోండి. పేరు వరలక్ష్మి. అత్తవారి ఇంటిపేరు కింతలి. భర్త వెంకటరావు, రైల్వేలో గ్యాంగ్‌మన్. మన ఊళ్ళో అయితే ఆవిడ కింతలి వరలక్ష్మి. బ్యాంకు పాసుబుక్కులో అలాగే ఉంది. ఆధార్ తీసినచోట ఇంటిపేరు పొడి అక్షరమైపోయింది. అక్కడ కె. వరలక్ష్మి. ఇక ఇక్కడ వోటరు కార్డు రాసే గుమస్తా ఏమడుగుతాడు? మీ ఆయన పేరేమిటమ్మా అంటాడు. వెంకటరావు అంటుంది. ఓహో, అయితే మీ ఇంటిపేరు రావు అంటాడు. రాసేశాడు. బెంగాల్లో మన ఆడవాళ్ళు చాలామంది ఇలాగే రావులైపోయారు.

అక్కడితో అయిందా? లేదు. బెంగాలీలో మన 'వ' పలకదు. వాళ్ళ నోట వరలక్ష్మి బరలక్ష్మి అవుతుంది. వెంకటరావు భెంకట్ రావ్ అవుతాడు. బెంగాలీలో రాసిన పేరుని మళ్ళీ ఇంగ్లీషులోకి దించేసరికి ఆ 'బ' అక్కడ స్థిరపడిపోతుంది. ఇప్పుడు లెక్క చూడండి. పాసుబుక్కులో కింతలి వరలక్ష్మి. ఆధార్‌లో కె. వరలక్ష్మి. వోటరు కార్డులో బరలక్ష్మి రావు. మనిషి ఒక్కతే, కాగితాల మీద ముగ్గురు.

ఇప్పుడావిడ ఏ అర్జీ పెట్టినా కౌంటరు దగ్గర కూర్చున్నాయన మూడు కాగితాలూ చూస్తాడు. తప్పులేదు, ఆయన చూడాల్సిందే. ఈ ముగ్గురూ ఒకరేనని అఫిడవిట్ తెమ్మంటాడు. అంటే స్టాంపు కాగితం. అంటే టైపు చేసేవాడు. అంటే నోటరీ. అంటే నాలుగిళ్ళలో పనిచేసుకునే మనిషికి ఒక పూట జీతం పోయినట్టే. పైగా నేను లేకపోతే ఇంకొకర్ని వెంటబెట్టుకుని వెళ్ళాలి. ఆ స్పెల్లింగుల్లో ఒక్కటైనా వరలక్ష్మి రాసిందా? ఒక్కటీ లేదు. మూడూ ఆఫీసులే రాశాయి. సరిచేసే ఖర్చు మాత్రం ఆవిడది. ఇదే నేను చెప్పేది. పని ఎవరి చేతిలో పుట్టింది, ఎవరి నెత్తిన పడింది?

మా సంత్రాగాఛికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే నబన్న ఉంది. 2013లో పశ్చిమ బెంగాల్ సచివాలయం కలకత్తా రైటర్స్ బిల్డింగ్ నుంచి హౌరాకి, ఆ భవనంలోకి వచ్చింది. ముఖ్యమంత్రి కూర్చునే పెద్ద భవనం. మా డాబా మీదెక్కితే కనిపిస్తుందని మా వీధి పిల్లలు పందెం వేస్తారు. సచివాలయం ఇంత దగ్గరకొచ్చినా మా అర్జీలకి దారి దగ్గర కాలేదు. అవి మామూలుగానే మున్సిపాలిటీ నుంచి బ్యాంకుకి, బ్యాంకు నుంచి జిరాక్సు షాపుకి, జిరాక్సు షాపు నుంచి కౌన్సిలరు ఇంటికి తిరిగేవి.

2020 డిసెంబరు 1న ఇక్కడ ఒక పని మొదలుపెట్టారు. దువారే సర్కార్ అని పేరు. మన మాటల్లో వాకిట్లో సర్కారు అన్నమాట. నిజానికి వాకిట్లోకి రాలేదు గానీ వీధి చివరిదాకా వచ్చింది. వార్డులో ఒక బడినో క్లబ్బునో చూసుకుని షామియానా వేస్తారు. పథకానికో టేబులు పెడతారు. ఆడపిల్లల చదువుకి సాయమిచ్చే కన్యాశ్రీ ఒక టేబులు. ఆసుపత్రి ఖర్చుల కార్డు స్వాస్థ్య సాథీ ఒక టేబులు. రేషను కార్డు ఒక టేబులు. కుల ధ్రువపత్రం ఒక టేబులు. అంతకు ముందు అవన్నీ వేరు వేరు ఆఫీసులు. వేరు వేరు రోజులు.

ఆ టేబుళ్ళ దగ్గర నేను చూసిన ఒక్క సంగతి చెబుతాను. మా ఎదురింటి పెద్దావిడతో వెళ్ళాను. మొదటి టేబులు దగ్గర కాలేజీ వయసు అమ్మాయి కూర్చుంది. అర్జీలు నింపిపెట్టడానికే పెట్టారు. "మాషిమా, కార్డులు ఇవ్వండి" అంది బెంగాలీలో. మాషిమా అంటే పిన్నిగారన్నమాట. ఈవిడ కొంగుముడి విప్పి ప్లాస్టిక్ కవరు తీసింది. ఆ కవర్లో ఈవిడ ప్రపంచమంతా ఉంది. ఆ పిల్ల కార్డులన్నీ బల్ల మీద పక్కపక్కన పరిచింది. పేర్ల మీద వేలు పెట్టి చదువుకుంది. రేషను కార్డు దగ్గర వేలు ఆగింది. మళ్ళీ ఆధార్ దగ్గరికెళ్ళింది. మా పెద్దావిడకి గుండె దడ మొదలైంది, నా చెయ్యి పట్టుకుంది. ఇంక అయిపోయింది, వెనక్కి పంపేస్తారనుకున్నాం. ఆ పిల్ల తలెత్తి, "ఆధార్‌లో ఉన్నట్టే రాస్తున్నాను మాషిమా. రేషను కార్డు ఆ మూల టేబులు దగ్గర సరిచేస్తారు, ముందు అక్కడ ఇచ్చి రండి" అంది. ఆ మూల టేబులు పది అడుగుల దూరం. ఇంకో రోజున ఇంకో ఆఫీసులో అవ్వాల్సిన పని ఆ పది అడుగుల్లో అయిపోయింది. బయటికొచ్చాక పెద్దావిడ అన్నమాట ఇది: "ఆ పిల్లకి పెళ్ళయిందో లేదో కనుక్కోవాల్సిందిరా."

ఇక్కడ ఏం జరిగిందో గమనించండి. కాగితాలు తగ్గాయా? తగ్గలేదు. ఆధార్ అడిగారు, పాసుబుక్కు అడిగారు, ఫోటో అడిగారు. మారింది ఒక్కటే. తిరిగే పని ఆఫీసులవాళ్ళు నెత్తిన వేసుకున్నారు. కుర్చీలు వాళ్ళు మోసుకొచ్చారు. ప్రింటర్లు వాళ్ళు మోసుకొచ్చారు. ఎండలో వాళ్ళు వచ్చారు. పని చేతులు మారింది. ఈ కార్యక్రమానికి కేంద్ర ప్రభుత్వపు డిజిటల్ ఇండియా అవార్డు వచ్చింది. 2023 జనవరిలో ఢిల్లీలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము చేతులమీదుగా ఇచ్చారు. అప్పట్లో ఢిల్లీకీ నబన్నకీ పడేది కాదని గుర్తుంటే, ఆ అవార్డు విలువ ఇంకాస్త తెలుస్తుంది.

మంచి మాట చెప్పాను కాబట్టి రెండోది కూడా చెప్పాలి. 2021 ఆగస్టులో ఇవే క్యాంపుల్లో లక్ష్మీర్ భండార్ అర్జీలు తీసుకున్నారు. ఇరవై అయిదు నుంచి అరవై ఏళ్ళ మధ్య ఆడవాళ్ళకి నెలనెలా డబ్బు వేసే పథకం. మొదట్లో నెలకి 500 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకి 1000. ఫారాలు దొంగ అమ్మకాలకి పోకుండా ఒక్కొక్క దాని మీదా నంబరు వేసి క్యాంపులోనే ఉచితంగా ఇచ్చారు. ఆలోచన బాగానే ఉంది. కానీ రాష్ట్రంలో ఆడవాళ్ళందరూ ఒకేసారి వచ్చారు. తెల్లవారకముందే వరసలు. చాలాచోట్ల తోపులాటలు, కొన్నిచోట్ల గాయాలు. కరోనా రోజులు కూడాను.

అప్పుడు నాకు వచ్చిన సందేహం ఇప్పటికీ తీరలేదు. లక్ష్మీర్ భండార్‌కి ఆధారంగా మొదట అడిగింది స్వాస్థ్య సాథీ కార్డు. ఆ కార్డు ఇంటి పెద్ద ఆడమనిషి పేరు మీద ఇస్తారు. ఆవిడ ఫోటో, వేలిముద్ర, ఇంట్లోవాళ్ళ వివరాలు అన్నీ ప్రభుత్వమే తీసుకుంది. అంటే ఆ ఇంట్లో ఎవరున్నారో, వాళ్ళ వయసెంతో నబన్నకి అప్పటికే తెలుసు. తెలిసిన సంగతిని మళ్ళీ ఆవిడ చేతే రాయించి, వరసలో నిలబెట్టి, తీసుకుని, కంప్యూటర్లో కొట్టించారు. ఒక ఉత్తరం వెయ్యచ్చు కదా! "అమ్మా, మా దగ్గరున్న వివరాల ప్రకారం మీకిది వస్తుంది, మీ బ్యాంకు ఖాతా ఇదేనా, అవునో కాదో చెప్పండి" అని. అందరికీ కుదరదు, నిజమే. సగంమందికి కుదిరినా వరస సగమయ్యేది.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. మన రైల్వే ఇళ్ళలో ఇప్పటికే జరుగుతున్నది. పింఛను తీసుకునే ఆయన పోయారనుకోండి. వెనక ఆవిడకి కుటుంబ పింఛను రావాలి. పింఛను కాగితంలో ఆవిడ పేరు ఉండి, బ్యాంకులో ఇద్దరి పేరా ఖాతా ఉంటే, పాతరోజుల్లోలా పెద్ద ఫారం నింపి సాక్షి సంతకాల కోసం తిరగక్కర్లేదు. మరణ ధ్రువపత్రం, ఒక చిన్న ఉత్తరం చాలు. ఆవిడెవరో ప్రభుత్వానికి ముందే తెలుసు కాబట్టి. శ్రోతల్లో రైల్వే పింఛనుదార్లుంటే ఈ సాయంత్రమే చూసుకోండి. ఖాతా ఇద్దరి పేర్ల మీదా ఉందా? పింఛను కాగితంలో ఇంటావిడ పేరు సరిగ్గా ఉందా? బరలక్ష్మి కాకుండా వరలక్ష్మి అనే ఉందా? ఇది మళ్ళీ చెబుతున్నాను. ఇద్దరి పేరా ఖాతా. పింఛను కాగితంలో పేరు. ఆ రెండూ బతికుండగా చూసుకోవాల్సినవి.

నవంబరు వస్తే పింఛనుదార్లు బతికున్నామని రుజువు చూపించాలి. పూర్వం బ్యాంకుకి వెళ్ళి మేనేజరు ముందు నిలబడేవారు. 2014లో జీవన్ ప్రమాణ్ అని వేలిముద్రతో ఇచ్చే పద్ధతి పెట్టారు. బాగుంది. కానీ ముప్ఫై ఏళ్ళు పట్టాల మీద గునపం పట్టిన చేతికి రేఖలుంటాయా? యంత్రం మీద వేలు పెడితే కాదు అంటుంది. తుడిచి పెడితే కాదు అంటుంది. కొబ్బరినూనె రాసి పెట్టిన వాళ్ళని చూశాను. 2021 నుంచి ఫోనులో ముఖం చూపిస్తే చాలన్నారు. అప్పుడు గానీ మా గ్యాంగ్‌మన్ తాతలు ఒడ్డున పడలేదు.

మన రాష్ట్రాల సంగతి చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. వాలంటీర్లు ఒకటో తారీఖున ఇంటికొచ్చి పింఛను చేతిలో పెట్టేవారు. 2024 ఎన్నికల వేళ వాలంటీర్లని పక్కన పెట్టారు. ఏప్రిల్, మే ఎండల్లో ముసలివాళ్ళు సచివాలయాలకీ, బ్యాంకులకీ నడవాల్సొచ్చింది. రాష్ట్రమంతా గగ్గోలు. ఆ తరవాత ప్రభుత్వం మారింది. వాలంటీర్లు లేరు. కానీ పింఛను ఇంటికి రావడం ఆగలేదు, సచివాలయం ఉద్యోగులే తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. పార్టీలు వేరైనా ఈ ఒక్క దాంట్లో వెనక్కి వెళ్ళడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. మోసే పని ఒకసారి ఆఫీసు నెత్తికెక్కాక మళ్ళీ ముసలమ్మ నెత్తికి దించడం కష్టం. నాకు రాజకీయాల్లో నచ్చే సంగతులు తక్కువ, వాటిలో ఇదొకటి.

తెలంగాణలో 2023 డిసెంబరు 28 నుంచి పది రోజులు ప్రజాపాలన అని పెట్టి అర్జీలు తీసుకున్నారు. అయిదు హామీలకి కలిపి ఒకే ఫారం. కోటికి పైగా అర్జీలు వచ్చిపడ్డాయి. ఒకే ఫారం పెట్టడం మంచి ఆలోచన. కానీ తీసుకున్న కాగితాన్ని ఏం చెయ్యాలి? ఎవరో ఒకరు కంప్యూటర్లో ఎక్కించాలి. ఆ పని బయటివాళ్ళకి అప్పజెప్పారు. ఒకరోజు హైదరాబాదు బాలానగర్ ఫ్లైఓవర్ మీద ఆ అర్జీలు రోడ్డున పడ్డాయి. బైకు మీద అట్టపెట్టెలో తీసుకెళ్తుంటే జారిపోయాయట. జనం ఏరి చూస్తే ఎవరివో పేర్లు, ఆధార్ నంబర్లు. రాసినవాళ్ళు ఎంత పదిలంగా రాసుంటారు! పక్కింటి పిల్లాడిని కూర్చోబెట్టి, తప్పు పోకుండా, జిరాక్సు జతచేసి, పిన్ను కొట్టి ఇచ్చుంటారు. ఫారం చిన్నది చేస్తే సరిపోదు. తీసుకున్న తరవాత దాని బతుకేమిటో కూడా ఆలోచించాలి.

అయితే కాగితాలే అడక్కుండా కంప్యూటర్లే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటే? ఇందాక నేను అడిగింది అదే కదా. అందులోనూ ఒక గొయ్యి ఉంది. అది కూడా తెలంగాణలోనే బయటపడింది. సమగ్ర వేదిక అని ఒక పద్ధతి పెట్టారు. రకరకాల శాఖల దగ్గరున్న వివరాలు కలిపి, ఎవరికి అర్హత ఉందో ఎవరికి లేదో కంప్యూటరు చెబుతుంది. ఒక రిక్షా కార్మికుడి ఇంటికి కారుందని అది చెప్పింది. పేరు ఇంచుమించు కలిసే ఇంకో మనిషి కారు అది. వాళ్ళ రేషను ఆగిపోయింది. ఇలా రద్దయిన కార్డుల గొడవ చివరికి సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. మళ్ళీ ఇళ్ళకి వెళ్ళి మనుషుల్ని చూసి తేల్చమని 2022లో కోర్టు చెప్పింది. మా వరలక్ష్మి ముగ్గురైనట్టే ఇక్కడ ఇద్దరు మనుషులు ఒక్కరైపోయారు. కాగితం అడిగితే కనీసం జవాబు చెప్పుకునే వీలుంటుంది. యంత్రం చాటున తీసేస్తే ఎందుకు తీశారో కూడా తెలీదు.

కాబట్టి నా మాటకి ఇంకొంచెం కలుపుతాను. తెలిసింది మళ్ళీ అడగొద్దు. కానీ తెలిసిందనుకున్నది తీసెయ్యడానికి వాడేముందు మనిషికి చెప్పాలి. ఎందుకు రాలేదో ఒక వాక్యంలో, ఆ మనిషికి వచ్చిన భాషలో చెప్పాలి.

భాష సంగతి వచ్చింది కాబట్టి ఒక్క మాట. 2020 డిసెంబరులోనే పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళు ఎన్నాళ్ళుగానో అడుగుతున్నది. సంతోషించాం. మా క్యాంపులో నా చేతికొచ్చిన ఫారాలు మాత్రం బెంగాలీవి, ఇంగ్లీషువి. మా పెద్దావిడ లాంటివాళ్ళకి హోదా కంటే ఒక తెలుగు ఫారం ముందు అందాలి.

ఈ బాధ మన దేశానిదే అనుకోకండి. అమెరికాలో మిషిగన్ అనే రాష్ట్రం ఉంది. అక్కడ బీదవాళ్ళు ప్రభుత్వ సాయం కోసం నింపే ఫారం నలభై పేజీలు దాటి ఉండేది. వెయ్యికి పైగా ప్రశ్నలు. మీ బిడ్డ ఏ తేదీన కడుపున పడిందో రాయమని కూడా ఒక ప్రశ్న. నవ్వకండి, నిజం! డెట్రాయిట్‌లో సివిల్లా అనే సంస్థవాళ్ళు ఏం చేశారంటే, పెద్ద పెద్ద అధికార్ల చేతికి ఆ ఫారం, ఒక పెన్ను ఇచ్చి, నింపండి బాబూ అన్నారు.   తరవాత ఒక్కొక్క ప్రశ్న దగ్గరా ఆగి, ఇది ఏ చట్టం అడగమంది, దీనికి జవాబు ఏదైతే మనం ఏం మారుస్తాం అని చూశారు. ఏమీ మారకపోతే ప్రశ్న తీసేశారు. 2018లో కొత్త ఫారం వచ్చింది. పాతదాంట్లో పెద్ద భాగం ఎగిరిపోయింది. చట్టం మార్చలేదు. పథకం మార్చలేదు. ఉత్త ఫారం మార్చారు. మన దగ్గర కూడా కొత్త పథకం పెట్టిన ప్రతిసారీ కార్యదర్శి గారు ఆ ఫారం స్వయంగా నింపాలని ఒక నియమం ఉంటే చూడాలని నా కోరిక. పక్కన పి.ఏ. ఉండకూడదు. ఫోటోకి గమ్ము సీసా మూత రాకూడదు.

దానధర్మాలు చేసే ట్రస్టులకీ ఒక మాట చెప్పాలి. మనసు మంచిదే, డబ్బూ ఇస్తారు. కానీ ఆసుపత్రిలో ఉన్న మనిషి ఇంటివాళ్ళని చూడండి. ఆపరేషనుకి లక్షల్లో కావాలి. ఒక్క ట్రస్టు అంత ఇవ్వదు. నాలుగుచోట్ల అడుక్కోవాలి. నాలుగుచోట్లా ఒరిజినల్ బిల్లు కావాలంటారు. ఒరిజినల్ ఒకటే ఉంటుంది, అందుకే దానికా పేరు! మొదటి చోట ఇచ్చేస్తే మిగతా మూడూ పోయినట్టే. నాలుగుచోట్లా ఆదాయ ధ్రువపత్రం, నాలుగుచోట్లా డాక్టరు ఉత్తరం, నాలుగుచోట్లా అదే కథ మొదటినుంచి చెప్పుకోవడం. డబ్బుకంటే ఆ చెప్పుకోవడం దగ్గరే మనుషులు కుంగిపోతారు. అభిమానం గలవాళ్ళు రెండోచోటికి వెళ్ళరు. దీనికి మందు పెద్ద కష్టం కాదు. ఆసుపత్రిలోనే ఒకరు కాగితాలన్నీ ఒకసారి చూసి, సరేనని సంతకం పెడితే, మిగతా ట్రస్టులు ఆ సంతకం నమ్మాలి. ఎవరెంత ఇచ్చారో బిల్లు మీదే ముద్ర వేసి తిరిగిచ్చెయ్యాలి. ఒకరినొకరు నమ్మే పని ట్రస్టులది. దాన్ని రోగి తమ్ముడి చేత చేయించకూడదు.

ఇక తేలని ముడి ఒకటుంది. ఎంత మంచి క్యాంపు పెట్టినా తేలదు. లక్ష్మీర్ భండార్‌లో ఎస్సీలకి ఎక్కువ ఇచ్చారన్నాను. మన తెలుగు దళిత కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. ఊళ్ళో తాతకి కుల ధ్రువపత్రం ఉంది. అది ఇక్కడ చెల్లదు. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పుట్టిన రాష్ట్రంలో ఉన్న హోదా వేరే రాష్ట్రానికి వెళ్తే వెంట రాదంది. ఆ కుర్రాడు మన తెనాలిలో పుట్టినవాడే, బొంబాయిలో మెడికల్ సీటు కోసం కోర్టుకెక్కాడు. దాంతో ఇక్కడ అర్జీ పెట్టినవాళ్ళని, 1950 నాటికే మీవాళ్ళు బెంగాల్లో ఉన్నట్టు రుజువేదీ అని అడుగుతారు. రైల్వే క్వార్టర్లో అద్దెకి కాదు, డ్యూటీకి ఉన్న మనిషికి భూమి పట్టా ఎక్కడినుంచి వస్తుంది? తాత సర్వీసు పుస్తకం ఎవరి దగ్గరుంది? రైల్వే దగ్గరే. అంటే అది కూడా ప్రభుత్వం దగ్గరే. ఒక ప్రభుత్వ ఆఫీసు దగ్గరున్న కాగితం ఇంకో ప్రభుత్వ ఆఫీసుకి మనవడు మోసుకెళ్ళాలి. దొరికితే. ఆ రికార్డులు వెతికిపెట్టే పని రైల్వే తీసుకుంటే మా వీధిలో ఎన్నో అర్జీలు కదులుతాయి.

సమయం దగ్గర పడింది. ఊరి నుంచి ఇటు పనికొస్తున్నవాళ్ళకి ఉపయోగపడే సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. మీకు అక్కడ రేషను కార్డుంది. ఇక్కడ కొత్తగా అర్జీ పెట్టుకోవాలా? అక్కర్లేదు. ఒకే దేశం ఒకే రేషను కార్డు అనే పద్ధతి ఉంది. 2019 ఆగస్టులో మన రెండు తెలుగు రాష్ట్రాల మధ్యా, గుజరాత్ మహారాష్ట్రల మధ్యా మొదలుపెట్టారు. 2021లో సుప్రీంకోర్టు గడువు పెట్టాక బెంగాల్ కూడా చేరింది. ఆధార్ నంబరు చెప్పి వేలిముద్ర వేస్తే హౌరాలో ఏ రేషను షాపులోనైనా మీ బియ్యం ఇవ్వాలి. ఫారం లేదు. ఫోటో లేదు. అఫిడవిట్ లేదు. అక్కడ ఇంట్లో ఉన్నవాళ్ళు వాళ్ళ వాటా అక్కడే తీసుకోవచ్చు, మీరు మీ వాటా ఇక్కడ తీసుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. ఇది జాతీయ ఆహార భద్రతా చట్టం కిందున్న కార్డులకే. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డులు అన్నీ దీని కిందికి రావు. బండెక్కే ముందే మీ డిపో డీలరునో, సచివాలయంలోనో అడగండి: మా కార్డు కేంద్రం చట్టం కిందదా, రాష్ట్రానిదా? ఇంట్లో అందరి ఆధారూ రేషను కార్డుకి ఎక్కిందా? ఇక్కడికొచ్చాక షాపువాడు కాదంటే వాదించి అలసిపోకండి, ఫోను చెయ్యండి. పైసా ఖర్చు లేదు. నంబరు రాసుకోండి. 14445. మళ్ళీ చెబుతున్నాను. ఒకటి, నాలుగు, నాలుగు, నాలుగు, అయిదు.